పడమటి వరండాలో గది

పాత జిల్లా కోర్టు భవనం,
పడమటి వరండా.
ఆదివారం, మధ్యాహ్నం.

చిరంజీవి గువ్వకు,

పిన్ని దీవెనలు. నువ్వు క్షేమమని, నీ క్లినిక్కులో కుర్చీ ఖాళీ ఉండటం లేదని, అలాగని నీకు అన్నం తినే తీరిక కూడా లేకుండా పోలేదని తలుస్తాను. ఇక్కడ మేమందరం కులాసా. అందరం అన్నప్పుడు అందులో మీ అమ్మ కూడా ఉంది. ఆ వాక్యం ఒకసారి కొట్టేసి, మళ్ళీ రాశాను.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను మీ అమ్మ మాట ఎత్తగానే నీకు పేషెంటు వచ్చేస్తాడు. ఉత్తరం చేతిలో పట్టుకున్నవాళ్ళకు ఆ సదుపాయం లేదు. పక్కన పెట్టొచ్చు, కానీ పక్కన పెట్టిన ఉత్తరం మాట్లాడుతూనే ఉంటుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే నా అలవాటు ప్రకారం ఊరంతా తిప్పి తీసుకొస్తాను. ఈ భవనానికి పడమటి చివర ఒక గది ఉంది. కోర్టుకు వచ్చిన ఆడవాళ్ళు తమ వంతు వచ్చేదాకా కూర్చునే గది. రేపు కాదు, పై సోమవారం దాన్ని పడగొడుతున్నారు. ఆలోపు నువ్వు ఒక్కసారి వచ్చి అందులో కూర్చోవాలి. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

కోర్టు కొత్త భవనంలోకి మారిపోయాక ఇది చాలాకాలం పావురాలకే మిగిలిపోయింది. ఇప్పుడు దీన్ని బాగుచేసి, కుటుంబ తగాదాల కోర్టును మళ్ళీ ఇక్కడికే తెస్తారట. కాలేజీలో చరిత్ర చెప్పుకునే మనిషిని కాబట్టి నన్ను కమిటీలో వేశారు. ఈ భవనంలో మొదటినుంచీ ఉన్నదేది, తర్వాత వచ్చి చేరిందేది అని తేల్చడం నా పని. దుకాణంలో రెండు సబ్బుల మధ్య నిలబడిపోయే మనిషికి తేల్చే పని ఎవరప్పజెప్పారు అని మీ బాబాయి నవ్వుతాడు. నవ్వనీ. తేల్చుకోలేనివాళ్ళే ఎక్కువసేపు చూస్తారని నాకు నేను చెప్పుకుంటాను. అది కూడా నిజమో కాదో.

ఈ భవనంలో మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో నీకు చెప్పాలి. తలుపులన్నీ తీసేశారు. ఎండ లోపలికి వచ్చి, ఒక హాలులోంచి ఇంకో హాలులోకి ఎవరి అనుమతీ అడక్కుండా నడిచిపోతుంది. సున్నపు ధూళి దాంట్లో తేలుతూ ఉంటుంది, పడదు. జడ్జిగారి బల్ల ఉండే అరుగు మీద ఇప్పుడు మేస్త్రి తన అన్నం డబ్బా పెట్టుకుంటాడు. సాక్షులు నిలబడే బోను గోడవారకు జరిపి ఉంది. దాని అడ్డకర్ర మీద చేతులు పెట్టి పెట్టి, రెండు చోట్ల గుంట పడి నున్నగా అయింది. అంతమంది భయపడి గట్టిగా పట్టుకున్నారన్నమాట. నేను కూడా పట్టుకుని చూశాను. ఎవరూ ఏమీ అడగకపోయినా నిజమే చెప్పాలనిపించింది.

గోడలకు కిటికీలు తెరవడం అని ఒక పని ఉంది. నిజం కిటికీలు కాదు. అరచేయంత చోటు ఎంచుకుని, రంగును పొర తర్వాత పొరగా గీకుతారు. పైన ముదురు పచ్చ, దానికింద మట్టిరంగు, దానికింద లేతనీలం, ఇంకా కింద పసుపు కలిపిన సున్నం, అన్నిటికన్నా అడుగున వట్టి తెలుపు. మేస్త్రి గీకుతూ నీలం దగ్గరికి రాగానే ఆపమన్నాను. ఎందుకు మేడమ్, అసలుది ఇంకా కిందుంది కదా అన్నాడు. ఉండనీ బాబూ, కాసేపు ఇక్కడ ఆగుదాం అన్నాను. నువ్వు ఎవరి దగ్గర పెరగాలన్న కేసు నడిచిన రోజుల్లో హాలు నీలంగా ఉండేదని మీ అమ్మ ఎప్పుడో అంది. నీళ్ళడుగున కూర్చున్నట్టుండేదట. నీకు ఆ నీలం గుర్తుందా? నువ్వు మీ నాయనమ్మ పక్కన బెంచీ మీద, నేలకు అందని కాళ్ళతో కూర్చుని ఉంటావు.

నీకేం గుర్తుందో నువ్వే ఒకసారి చెప్పావు. మీ తాతయ్య పోయినప్పుడు వచ్చి, మీ అమ్మ ఉన్న గదిలోకి రాకుండా పెరట్లోనే నిలబడ్డావు. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే, పిన్నీ నేను విన్నాను అన్నావు. కోర్టులో బంట్రోతు ఆవిడ పేరు మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ అందరూ గుమ్మం వైపు తిరిగారు, నేనూ తిరిగాను, ఎవరూ రాలేదు, నాకు వినిపించింది ఆవిడకు వినిపించదా అన్నావు. ఆవిడ అన్నావు, అమ్మ అనలేదు. ఆ నీళ్ళు కూడా తాగలేదు.

ఆ రోజు వచ్చే ఉన్నానని మా అక్క అంటుంది. పొద్దున్నే వచ్చి, ఆడవాళ్ళ గదిలో కూర్చుందట. పిలుపు వినిపించలేదట. పిలిస్తే పలకలేదు కాబట్టి రాలేదని రాసుకుని, ఆమె వైపు మాట వినకుండానే నిన్ను మీ నాన్నకు అప్పగించేశారు. తర్వాత అక్క మళ్ళీ పిటిషను పెట్టుకుంది. చెట్టుకింద టీ తాగేవాళ్ళకు వినిపించిన పిలుపు లోపల కూర్చున్న నీకు వినిపించలేదా అమ్మా అని జడ్జిగారు అడిగారట. కోపంగా కాదట, జాలిగానే అడిగారట. పిటిషను కొట్టేశారు. ఇంట్లో మీ తాతయ్య కూడా, కునుకేమైనా పట్టిందేమో గుర్తుతెచ్చుకో తల్లీ అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మీ నాన్న నిన్ను తీసుకుని ఊరు మారిపోయాడు. ఆయన నిన్ను బాగానే పెంచాడు, ఆ మాట నేనెప్పుడూ కాదనను.

అప్పుడు నేను వేరే ఊళ్ళో చదువుకుంటున్నాను. నమ్మావా అంటే నమ్మాను. పూర్తిగానా అంటే, నేను దేన్నీ పూర్తిగా నమ్మే మనిషిని కానని నీకు తెలుసు.

ఇక గది సంగతి. కమిటీకి నేనే ఒక పాత ఫోటో వెతికి పెట్టాను. అందులో ఆ గది లేదు. ముందు వసారా నుంచి పడమటి చివరిదాకా వరండా ఒకటే సాగి ఉంది, పైన అర్ధచంద్రంలా వంగిన కప్పు, పొడుగునా కమానులు. చివరి కమానుల్లోంచి ఎండ నేలమీద పడుతూ, ఫోటోలో కూడా వెచ్చగా ఉంది. తర్వాతెప్పుడో, ఆడవాళ్ళు ఆ మగజనం మధ్య వరండాలో నిలబడి ఉండాల్సి వస్తోందని కొందరు పెద్దమనసున్నవాళ్ళు అర్జీ పెట్టారు. వరండాకు అడ్డంగా ఒక గోడ కట్టి, ఆ చివరి కమానులు పూడ్చేసి, గది చేశారు. వచ్చేపోయేవాళ్ళు తొంగిచూడకుండా తలుపు వెనక పెరటి వైపు పెట్టారు. ఎంత శ్రద్ధగా ఆలోచించారో చూడు. ఇటుక గోడ, ఇనుప తలుపు, తలుపు మీద రేకు పంచ. భవనం ముఖానికి అది పిప్పిపన్నులా ఉందని, నీకర్థమయ్యే భాషలో చెప్పాలంటే, అందరం అనుకున్నాం. తీసేయాలని రాసింది కూడా నేనే.

మా ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. మనసులో ఆయన్ని తొందరయ్య అని పిలుచుకుంటాను. మాట కన్నా ముందు కాళ్ళు కదులుతాయి. మొన్న గురువారం నేను ఆ గదిలో కూర్చుని కాగితాలు చూసుకుంటున్నాను. బయట ఉడుకుతున్నా లోపల చల్లగా ఉంటుంది, కుండలో కూర్చున్నట్టు. ఉన్నట్టుండి ఆయన పెరటి వైపు నుంచి చుట్టి వచ్చి, రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. ఏం మేడమ్, మామీద అలిగారా, కమిటీ అంతా వసారాలో మీ కోసం కూర్చుంది, మూడుసార్లు పిలిచాను, రోడ్డు మీద పోయే సైకిలాయన దిగి నన్నా అని అడిగాడు, మీరు మాత్రం పలకరు అన్నాడు.

నేను వినలేదండీ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక, గువ్వా, ఆ గొంతు నాది కాదనిపించింది. ఆ మాటే, ఆ తడబాటే నేను ఇంతకుముందు మా ఇంటి వంటింట్లో అక్క నోట విన్నాను. కుర్చీలోంచి వెంటనే లేవలేకపోయాను. పాపం తొందరయ్య, మేడమ్ మంచినీళ్ళు కావాలా అని మళ్ళీ పరుగెత్తాడు.

తర్వాత ఆయన్ని బతిమాలి మళ్ళీ పిలిపించాను. పాతరోజుల్లో బంట్రోతు నిలబడే చోటే, హాలు గుమ్మం ముందు నిలబడి పిలవమన్నాను. గదిలో నేను కూర్చుని విన్నాను, నిలబడి విన్నాను, తలుపు మూసి విన్నాను, తెరిచి విన్నాను. పెరట్లో కుళాయి కారడం వినిపించింది. పావురాలు వినిపించాయి. నా ఊపిరి వినిపించింది. పిలుపు రాలేదు. మళ్ళీ ఆ అడ్డగోడకు ఇవతల, వరండాలోకి వెళ్ళి నిలబడితే, ఆయన నా చెవిపక్కనే ఉన్నట్టు వినిపించింది. ఆ వంపు కప్పు మాటను మోసుకొచ్చి మోసుకొచ్చి, సరిగ్గా ఆ గోడ ముందు దింపేస్తుంది. కమిటీలో ఒక ముసలి ప్లీడరుగారు ఉన్నారు, ఆయన ఇదంతా చూసి, ఏమ్మా చరిత్ర రాస్తున్నారా, గోడలకు చెవి పరీక్షలు చేస్తున్నారా అన్నారు. తర్వాత ఆయనే నెమ్మదిగా చెప్పారు. ఆ గదిలో కూర్చున్న ప్రతి ఆడమనిషికీ బయట ఎవరో ఒక మగమనిషి ఉండేవాడట, అన్నో తమ్ముడో నాన్నో. పిలవగానే వచ్చి తలుపు దగ్గర చెప్పేవాడట. అందుకే ఎవరికీ ఏ ఇబ్బందీ తెలియలేదట.

మీ తాతయ్య ఆ రోజు జ్వరంతో మంచంలో ఉన్నాడు. అక్క ప్లీడరు వేరే హాలులో వేరే కేసులో ఉన్నాడు. అక్కకు బయట ఎవరూ లేరు. సాయంత్రం ఒకతను గదికి తాళం వేయడానికి వచ్చి, కోర్టు ఎప్పుడో లేచిపోయిందమ్మా, ఇంకా ఎవరికోసం అని అడిగాడట. ఈ ముక్క అక్క నాకు ఎప్పుడో చెప్పింది. అప్పుడు నేను దాన్ని జాలిపడాల్సిన విషయంగా విన్నాను. ఇప్పుడు ఆ గదిలో కూర్చుని, ఆ పూటంతా ఆమె దేనికోసం చెవులు రిక్కించి ఉంటుందో ఊహిస్తున్నాను. ఎండ తలుపు కింద సందులోంచి గీతలా వచ్చి, నేలమీద కొంచెం కొంచెంగా జరుగుతుంది ఇక్కడ. అది చూస్తూ ఉంటే పూట ఎలా గడిచిందో తెలియదు. ఏదో మెత్తటి నిద్రలాంటిది కమ్ముతుంది, కానీ నిద్ర కాదు. ఒక పక్క నువ్వు, ఒక పక్క ఆమె, మధ్యలో ఒక ఇటుక గోడ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నువ్వు విన్నావు. ఆమె వినలేదు.

సోమవారం ఆ గోడ పోతే, వరండా మళ్ళీ ఫోటోలో ఉన్నట్టే అవుతుంది. పిలుపు చివరిదాకా హాయిగా వినిపిస్తుంది. అప్పుడు ఎవరొచ్చి విన్నా, ఇంత బాగా వినిపిస్తుంటే ఆవిడకెందుకు వినిపించలేదు అనే అంటారు. మేం భవనాన్ని బాగుచేస్తే మీ అమ్మ అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది. నేను ఒక్క వాక్యం రాస్తే ఆగుతుంది, తర్వాత కట్టినదైనా అదీ ఈ భవనం చరిత్రలో భాగమే అని. అది తప్పు వాక్యం కూడా కాదు. కానీ ఆ గోడను నేను భవనం కోసం ఉంచమంటున్నానా, అక్క కోసమా? అక్క కోసమైతే, రేపు ఆ కోర్టుకు వచ్చి ఆ గదిలో కూర్చునే ఇంకో మనిషి సంగతేమిటి? పోనీ గంట పెట్టిద్దాం, మైకు పెట్టిద్దాం అని తొందరయ్య అంటాడు. కరెంటు పోతే అని నేను అంటాను. మీతో ఏ పనీ కాదు మేడమ్ అని ఆయన వెళ్ళిపోతాడు.

నాకు కూడా నామీద నమ్మకం తక్కువ. నేను వినాలనుకున్నది విన్నానేమో, వినకూడదనుకున్నది వినలేదేమో. అందుకే నా మాట మీద నమ్మమని అడగను. నువ్వు పన్ను పీకేముందు నీ వేలితో కదిపి చూస్తావు కదా, ఎవరో చెప్పారని పీకవు. అలాగే వచ్చి, నీ చెవులతో నువ్వు విను. ఎవరినైనా వెంట తెచ్చుకుని నీకు నచ్చినట్టు పిలిపించుకో. అది అయ్యాక మీ అమ్మను చూస్తావో, చూడకుండా బస్సెక్కుతావో నీ ఇష్టం. ఈ ఉత్తరం సంగతి ఆమెకు తెలియదు. నేను నీకు చూపించాలనుకుంటున్నది ఆ గదిని మాత్రమే.

ఎండ బోను దాకా వచ్చింది. పావురాలు కూడా మాట్లాడటం మానేశాయి. మేస్త్రి పాత హాలు నేలమీద తలకింద చెయ్యి పెట్టుకుని పడుకున్నాడు, అతని చుట్టూ సున్నపు ధూళి ఇంకా తేలుతూనే ఉంది. ఇక ముగిస్తాను. ఒంట్లో ఎలా ఉందో రాయి. రాయకపోయినా ఫరవాలేదు, రా.

నిన్ను ఎత్తుకుని తిప్పిన చేతులతో,
నీ పిన్ని

తా.క. గురువారం. ఇది ఆదివారమే పోస్టు చేయాల్సింది. డబ్బాదాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఒక మనిషి గురించి ఇంత రాసి, ఆ మనిషికి చెప్పకుండా పంపడం సరికాదనిపించింది. సోమవారం అక్క పనిచేసే మొక్కల నర్సరీకి వెళ్ళి ఆమెకు ఇచ్చాను. మొక్కల తొట్ల మధ్య నిలబడే, చేతులకున్న మట్టి అంచులకు అంటుకుంటుంటే (మూలన మరకలు అవే), మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివి, గోడ సంగతి నాకు తెలుసులే అంది. ఆ పిటిషను కొట్టేసిన రోజే, ఇంటికి వచ్చేముందు వెళ్ళి ఆ గదిలో కూర్చుందట. లేచి పెరటి వైపు నుంచి చుట్టి వరండాలోకి వస్తే ఎవరినో పిలుస్తున్న కేక వినిపించిందట, మళ్ళీ గదిలోకి వెళ్తే ఏమీ లేదట. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అని అడిగాను. ఎవరికి చెప్పను, నాన్నకా, జడ్జికా, చెబితే మళ్ళీ నిరూపించమంటారు, ఆ పిల్లను మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చోబెడతారు, వద్దనుకున్నాను అంది.

తర్వాత, ఆ గది పడగొట్టించు అంది. పై సోమవారందాకా ఎందుకు, రేపో ఎల్లుండో కొట్టించెయ్యి అంది. గువ్వ వచ్చేదాకా అయినా ఆగనివ్వవే అన్నాను. దానికి అక్క అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అది వచ్చి గోడను పరీక్ష చేసి నమ్మితే, గోడను నమ్మినట్టవుతుంది కానీ నన్ను నమ్మినట్టు కాదు, నాకు కేసు గెలవడం వద్దు, నా కూతురు కావాలి, రేపు అక్కడ కూర్చునే మనిషికి మాత్రం పిలుపు వినపడాలి. ఇంత చెప్పి నీళ్ళ గొట్టం అందుకుంది.

అదే సాయంత్రం, ముందే పడగొట్టమన్న కాగితం మీద సంతకం పెట్టాను. నిన్న గది పోయింది. తొందరయ్యకు పండగ. అక్క పని మధ్యలో వచ్చి, కమానులు తెరుచుకున్నాక ఎండలో కాసేపు నిలబడింది. ఇక్కడొక బెంచీ వేయించండి అని ఇంజనీరుకు చెప్పి, మొక్కలకు నీళ్ళు పెట్టాలని వెళ్ళిపోయింది.

కాబట్టి, గువ్వా, పైన నేను నిన్ను వచ్చి చూడమన్నది ఇప్పుడు లేదు. ఏ రుజువూ మిగల్లేదు, మా ఇద్దరి మాట తప్ప. అక్క ఆదివారాలు నర్సరీకి వెళ్ళదు, ఇంట్లోనే ఉంటుంది. గేటు ఈమధ్య బిగుసుకుంది. తోస్తే రాదు, కాస్త పైకెత్తి నెట్టాలి.